రెండు కేసుల మధ్య ఎండోస్కోపును ఐదు నిమిషాలు సైడెక్స్‌లో ఉంచితే సరిపోతుందా?

గోదారిగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను గోదావరి జిల్లాల్లోని ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఏడేళ్లు వార్డులోనూ ఐసీయూలోనూ చేసిన తరువాత గత నెలలో నన్ను ఎండోస్కోపీ గదికి మార్చారు. మా దగ్గర రెండు గ్యాస్ట్రోస్కోపులు (నోటి గుండా కడుపులోకి పంపేవి), ఒక కొలనోస్కోపు (పెద్దపేగులోకి పంపేది) ఉన్నాయి. సోమ, బుధ, శుక్రవారాల్లో బయటి నుంచి జీర్ణకోశ వైద్యులు వస్తారు. ఆ రోజుల్లో ఉదయం తొమ్మిదింటి నుంచి మధ్యాహ్నం రెండింటిలోపు పదిహేను గ్యాస్ట్రోస్కోపీలు, ఒకటి రెండు కొలనోస్కోపీలు జరుగుతాయి.

ఇక్కడ నడుస్తున్న పద్ధతి ఇది. కేసు అయిన వెంటనే స్కోపు గొట్టాన్ని గాజుగుడ్డతో తుడుస్తారు. లోపలి దారిలోకి ఒక సిరంజి నీళ్లు ఎక్కిస్తారు. తరువాత ఓపీఏ పోసిన ట్రేలో (ఇది సూక్ష్మజీవులను చంపే మందు, సైడెక్స్ అని పిలిచేది దీన్నే) ఐదు నిమిషాలు ముంచి, బకెట్లోని కుళాయి నీళ్లలో ఒకసారి జాడించి, తరువాతి రోగికి సిద్ధం చేస్తారు. బ్రష్ పెట్టి, ఎంజైమ్ ద్రవంతో శుభ్రంగా కడగడం అన్ని కేసులూ అయ్యాక సాయంత్రం ఒక్కసారే జరుగుతుంది. ఆపైన స్కోపును అది వచ్చిన సూట్‌కేసు పెట్టెలోనే చుట్టి పెట్టి మూత వేస్తారు.

నాకు పని నేర్పుతున్న టెక్నీషియన్ అన్నకు పదేళ్ల అనుభవం ఉంది. మనిషి నెమ్మదస్తుడు, పని తప్పించుకునేవాడు కాదు. ఆయనను అడిగితే, డబ్బా మీద ఐదు నిమిషాలనే రాసి ఉంది కదా, ఇంతవరకు ఎవరికీ ఏమీ కాలేదు కదా అన్నాడు. డబ్బా మీద రాసినది నేనూ చదివాను, ఆయన చెప్పినది నిజమే. అయినా ఒక రోగిని ముట్టుకున్న గ్లవ్స్‌తో ఇంకో రోగిని ముట్టుకోకూడదని ఐసీయూలో ఏడేళ్లు పాటించిన నాకు, ఒకరి కడుపులోంచి బయాప్సీ తీసిన దారిలోనుంచే అరగంటలో ఇంకొకరికి ఫోర్సెప్స్ (పరీక్షకు చిన్న ముక్క తీసే చిమటా) పంపడం చూస్తుంటే మనసు ఒప్పుకోవడం లేదు. ఐదు నిమిషాలు నిజంగా సరిపోతాయా? సరిపోకపోతే రెండు స్కోపులతో పదిహేను కేసులు ఎలా చేయాలి? ఇంత తంటా లేకుండా వీటిని కూడా మిగతా పనిముట్లలాగా ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరితో సూక్ష్మజీవులను చంపే యంత్రంలో, ఎందుకు పెట్టకూడదు? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

నైటింగేల్‌పిన్ని

సిస్టర్, నేను హైదరాబాదులో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా ఇరవై ఏళ్లుగా ఉన్నాను. మీ మనసు ఒప్పుకోకపోవడం సరైనదే. అయితే మీ అన్న చెప్పిన ఐదు నిమిషాలు కూడా అబద్ధం కాదు. ముందు దాని సంగతి చూద్దాం.

మన ఆసుపత్రుల్లో స్కోపులు ముంచే ద్రవం ఏదైనా సైడెక్స్ అనే పిలుస్తారు. నిజానికి ఆ పేరు మీద రెండు వేరు వేరు మందులు ఉన్నాయి. ఒకటి గ్లూటరాల్డిహైడ్. పొడి కలిపాక పచ్చగా మారుతుంది. దాని 2 శాతం ద్రావణంలో, 20 డిగ్రీల వేడిమి వద్ద, కడిగిన స్కోపును 20 నిమిషాలు ఉంచాలి. రెండోది ఆర్థోఫ్తాలాల్డిహైడ్, అంటే మనం ఓపీఏ అనేది. లేత నీలంగా, 0.55 శాతం బలంతో, కలపనక్కరలేకుండా సిద్ధంగా వస్తుంది. ఆసియా, ఐరోపా దేశాల్లో దీనికి 5 నిమిషాలని ఉంటుంది. కెనడా, ఆస్ట్రేలియాల్లో 10 నిమిషాలని, అమెరికాలో 20 డిగ్రీల వద్ద 12 నిమిషాలని ఉంటుంది. ఒకే మందుకు ఒక్కో దేశంలో ఒక్కో గడువు ఉండడాన్ని బట్టే, ఐదు నిమిషాలు ఉదారంగా ఇచ్చిన గడువు కాదని మీకు అర్థమవుతుంది. నీలం మందు అయిపోయిన రోజు పచ్చమందు పోసి, గోడ మీద గడువును మాత్రం ఐదు నిమిషాలుగానే ఉంచిన చోటు ఒకటి నేను చూశాను. అందరూ రెంటినీ ఒకే పేరుతో పిలవడం వల్లే అలా జరిగింది. మీ గదిలో ఈ రోజు నుంచి మందు పేరును, తెరిచిన తేదీని, పారబోయవలసిన తేదీని ట్రే మీద రాసి అంటించండి. ఓపీఏను గరిష్ఠంగా 14 రోజులు వాడవచ్చు. ఆలోపు కూడా పరీక్ష పట్టీ ముంచి చూసినప్పుడు బలం 0.3 శాతం కన్నా తగ్గితే అప్పుడే పారబోయాలి. పదిహేను కేసులకు తడి స్కోపులు ముంచితే, ఆ తడితోనే మందు పలుచబడిపోతుంది. అందువల్ల పట్టీ పరీక్ష రోజుకొకసారి కాదు, ముంచే ప్రతిసారీ చేయాలి.

ఇక అసలు విషయం. డబ్బా మీది ఐదు నిమిషాలు శుభ్రంగా కడిగి, పూడికలేమీ లేకుండా చేసిన స్కోపుకు చెప్పిన గడువు. లోపల శ్లేష్మం, రక్తం, పిత్తం అంటి ఉన్న గొట్టానికి అది వర్తించదు. ఆల్డిహైడ్ జాతి మందులు మాంసకృత్తులను గట్టిపరుస్తాయి. కడగని గొట్టాన్ని గ్లూటరాల్డిహైడ్‌లో ముంచడమంటే గుడ్డు సొన అంటిన గిన్నెను పొయ్యి మీద పెట్టడమే. సొన గిన్నెకు అతుక్కుపోతుంది, దాని కింద ఉన్నది క్షేమంగా ఉంటుంది. ఓపీఏ విషయంలో ఇంకో గుర్తు ఉంది. అది మాంసకృత్తులను బూడిదరంగుకు మారుస్తుంది. గ్లవ్స్ లేకుండా ముట్టుకుంటే మన చర్మం నల్లబడేది అందుకే. మీ స్కోపు కొన దగ్గరగాని, వాల్వుల గుంటల్లోగాని బూడిద మచ్చలు కనిపిస్తే, అక్కడ కడగడం జరగలేదని ఆ మందే మీకు చెబుతున్నట్టు లెక్క.

కాబట్టి మీరు సాయంత్రం ఒకసారి చేసే పని ప్రతి రోగి తరువాతా జరగాలి. అది రోగి మంచం పక్కనే మొదలవుతుంది. స్కోపు బయటికి రాగానే, లైట్ సోర్స్ నుంచి తీయకముందే, ఎంజైమ్ ద్రవంలో తడిపిన గుడ్డతో పై గొట్టాన్ని తుడవాలి. సక్షన్ నొక్కి అదే ద్రవాన్ని, గొట్టంలోంచి వచ్చేది తేటగా కనిపించేదాకా లాగాలి. గాలి-నీటి దారిని కూడా దానికి ఇచ్చిన ప్రత్యేక వాల్వు పెట్టి తోయాలి. పాలగిన్నెలో వెంటనే నీళ్లు పోసి ఉంచడానికీ, ఎండిపోయాక తోమడానికీ ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంతే. గంట దాటనిస్తే మామూలుగా కడిగినా చాలదు, ఎక్కువసేపు నానబెట్టవలసి వస్తుంది. తరువాత మూత ఉన్న డబ్బాలో పెట్టి కడిగే గదికి తీసుకువెళ్లి, లీక్ టెస్ట్ (చిల్లులున్నాయేమో చూసే పరీక్ష) చేసి, వాల్వులన్నీ ఊడదీసి, స్కోపు మొత్తాన్ని ఎంజైమ్ ద్రవంలో ముంచి, నీటి అడుగునే ఉంచి బ్రష్ చేయాలి. నీటిపైన బ్రష్ చేస్తే తుంపరలు మీ ముఖం మీదికి వస్తాయి. కాబట్టి గౌను, పొడవైన గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి.

బ్రష్ ఎక్కడెక్కడ పంపాలన్న దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. ఫోర్సెప్స్ పెట్టే రంధ్రం నుంచి ఒకసారి పంపి, అయిపోయిందనుకుంటారు. సక్షన్ వాల్వు గుంట నుంచి రెండు దారులు ఉంటాయి. ఒకటి రోగివైపు కొనకు, రెండోది లైట్ సోర్స్‌కు తగిలించే కనెక్టరు వైపుకు పోతాయి. రోగి నుంచి లాగినదంతా ఈ రెండో దారి గుండానే పోతుంది, అయినా దాన్నే మరిచిపోతారు. గ్యాస్ట్రోస్కోపులో ఈ దారి వెడల్పు సాధారణంగా 2.8 మిల్లీమీటర్లు, కొలనోస్కోపులో 3.7 లేదా 3.8 ఉంటుంది. ఒకటే బ్రష్ రెంటికీ వాడితే పెద్దదానిలో కుంచె గోడలకు తగలకుండానే బయటికి వచ్చేస్తుంది. అవతలి కొన నుంచి బయటికి వచ్చిన కుంచెను ద్రవంలో కడిగి, తరువాతే వెనక్కి లాగాలి. కుంచె మీద మురికి లేకుండా వచ్చేదాకా మళ్లీ మళ్లీ పంపాలి. గాలి-నీటి దారి చాలా స్కోపుల్లో బ్రష్ పట్టనంత సన్నగా ఉంటుంది. దానికి తోయడం ఒక్కటే ఉపాయం. ఎంజైమ్ ద్రవం స్కోపు స్కోపుకూ కొత్తది కలపాలి. ఇది ఖర్చని యాజమాన్యం అంటుంది, కానీ రోజంతా ఒకే ట్రేలో నాలుగు స్కోపులు కడిగితే నాలుగోది మొదటి ముగ్గురి మురికిలో మునిగినట్టే.

ఆటోక్లేవ్ సంగతి ఒక్క మాటలో చెబుతాను. 121 లేదా 134 డిగ్రీల ఆవిరికి వంగే స్కోపులోని రబ్బరు, జిగురు, కెమెరా తట్టుకోలేవు. బయాప్సీ ఫోర్సెప్స్‌ను మాత్రం తప్పకుండా స్టెరిలైజ్ చేయాలి, లేదా ఒక్కసారి వాడి పారేసేవి కొనాలి. అది కణజాలాన్ని కోసి రక్తనాళాన్ని తెరుస్తుంది కనుక దానికి డిస్ఇన్ఫెక్షన్ చాలదు. స్కోపు పైపొరను తాకుతుంది కనుక దానికి హై లెవెల్ డిస్ఇన్ఫెక్షన్, అంటే ఓపీఏ వంటి మందులో ముంచడం, కనీసపు అవసరం. స్పాల్డింగ్ అనే శాస్త్రవేత్త అర్ధశతాబ్దం కిందట చేసిన ఈ విభజననే ఇప్పటికీ అందరూ పాటిస్తున్నారు.

అగార్‌పళ్లెం

పైన సిస్టర్ గారు చెప్పిన దానికి సూక్ష్మజీవశాస్త్రం తరఫున లెక్క చూపిస్తాను, ఎందుకంటే మీ యాజమాన్యంతో మాట్లాడేటప్పుడు లెక్క పనికివస్తుంది.

జీర్ణాశయంలోనుంచి బయటికి వచ్చిన స్కోపు మీద సుమారు కోటి నుంచి వెయ్యి కోట్ల దాకా సూక్ష్మజీవులు ఉండవచ్చు. చక్కగా బ్రష్ చేసి కడిగితే వాటి సంఖ్య సుమారు పదివేల వంతుకు తగ్గుతుంది, బాగా చేస్తే పది లక్షల వంతుకు కూడా తగ్గుతుంది. డిస్ఇన్ఫెక్షన్ మందు మిగిలినవాటిని ఇంకో పది లక్షల వంతుకు తగ్గిస్తుంది. వెయ్యి కోట్లతో మొదలుపెట్టండి. కడిగాక పది లక్షలు మిగులుతాయి, మందు తరువాత ఒకటి మిగులుతుంది. ఇప్పుడు కడగడాన్ని తీసేయండి. అదే మందు తన పని తాను పూర్తిగా చేసినా పదివేలు మిగులుతాయి. పైగా మురికి అడ్డుపడితే అది తన పని పూర్తిగా చేయదు. శస్త్రచికిత్స పనిముట్ల మీద మొదటే సూక్ష్మజీవులు తక్కువగా ఉంటాయి, ఆపైన ఆవిరి వాటిని అనేక రెట్లు అదనపు రక్షణతో చంపుతుంది. ఎండోస్కోపులో అటువంటి వెసులుబాటు దాదాపుగా లేదు. ఒక్క మెట్టు తప్పినా ఆ లోటు నేరుగా తరువాతి రోగి మీద పడుతుంది.

ఇంతవరకు ఎవరికీ ఏమీ కాలేదన్న మాట గురించి కూడా చెప్పాలి. మీ దగ్గర ఎండోస్కోపీ చేయించుకున్న మనిషికి ఆరు నెలల తరువాత హెపటైటిస్ సి బయటపడితే, ఆయన మీ దగ్గరికి రాడు. ఇంకో ఊళ్లో, ఇంకో వైద్యుడి దగ్గరికి వెళతాడు. ఎక్కడ సోకిందో ఆయనకూ తెలియదు, మీకూ తెలియదు. ఏమీ కాలేదని తెలియడం వేరు, ఏమైందో తెలియకపోవడం వేరు. ఫ్రాన్సులో ఒకే రోజున, హెపటైటిస్ సి ఉన్న రోగి తరువాత కొలనోస్కోపీ చేయించుకున్న ఇద్దరికి ఆ వైరస్ సోకిన సంగతి 1997లో వైద్యపత్రికలో వచ్చింది. వైరస్ జన్యువులను పోల్చి చూశారు కనుకనే అది బయటపడింది. అక్కడ జరిగిన తప్పు కొత్తదేమీ కాదు. లోపలి దారిని బ్రష్‌తో శుభ్రం చేయడం లేదు, బయాప్సీ ఫోర్సెప్స్‌ను ఆటోక్లేవ్ చేయడం లేదు.

అమెరికాలో 2009లో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో కొలనోస్కోపీకి తగిలించే నీటి గొట్టాల విషయంలో పొరపాటు బయటపడింది. ఒక చోట వెనక్కి నీరు రానివ్వని వాల్వుకు బదులు వేరే వాల్వు తగిలించారు. ఇంకో చోట ఆ గొట్టాన్ని రోగి రోగికీ డిస్ఇన్ఫెక్ట్ చేయకుండా జాడించి వాడారు. పదివేల మందికి పైగా పాత రోగులకు ఉత్తరాలు రాసి, హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలకు పిలవవలసి వచ్చింది. స్కోపు బాగానే ఉన్నా దానికి తగిలించే అడుగు పొడవు గొట్టం ఇంత పని చేసింది. మీ గదిలో నీటి సీసా, దాని గొట్టం ఎప్పుడు ఆటోక్లేవ్ అవుతున్నాయో కూడా ఒకసారి చూడండి.

మీ టెక్నీషియన్ అన్నను తప్పుపట్టవద్దని మాత్రం మనవి. అమెరికాలోనే కొన్ని ఆసుపత్రుల్లో మనుషులను నిలబెట్టి చూసి 2010లో ప్రచురించిన ఒక పరిశీలనలో, మొత్తం చేత్తో శుభ్రం చేసిన స్కోపుల్లో అన్ని మెట్లూ సక్రమంగా పూర్తయినవి 1.4 శాతమే. డిస్ఇన్ఫెక్షన్‌కు యంత్రం వాడిన చోట అది 75.4 శాతం. అంత శిక్షణ, అంత తనిఖీ ఉన్న చోటనే అలా ఉంది. మనిషి చెడ్డవాడై మెట్లు తప్పించడు. తలుపు బయట పన్నెండుమంది పరగడుపున కూర్చొని ఉంటే తప్పిస్తాడు. యంత్రం ఉన్నా చేత్తో బ్రష్ చేయడం తప్పదన్నది మరిచిపోకండి. యంత్రం అమ్మేవాళ్లు ఈ మాట కాస్త నెమ్మదిగా చెబుతారు.

లీక్‌టెస్టర్

నేను బయోమెడికల్ ఇంజనీరును, స్కోపులు రిపేరు చేస్తాను. పై ఇద్దరూ చెప్పనిది రెండు విషయాలు.

మొదటిది లీక్ టెస్ట్. ఇది స్కోపు ఖరీదు కాపాడుకోవడానికని అందరూ అనుకుంటారు. అది నిజమే, కానీ సగం నిజం. లోపలి దారికి గుండుసూది మొనంత చిల్లు పడితే, రోగి స్రావాలు గొట్టానికీ తొడుగుకూ మధ్య ఉన్న ఖాళీలోకి పోతాయి. అక్కడికి ఏ బ్రషూ చేరదు, ఏ మందూ చేరదు. తరువాతి రోగి లోపల స్కోపును వంచినప్పుడు అదే చిల్లులోంచి బయటికి వస్తాయి. కాబట్టి నీటిలో ముంచకముందే గాలి ఎక్కించి, ఒత్తిడి పడిపోతోందేమో చూసి, తరువాత నీటిలో పెట్టి, కొనను నాలుగు వైపులా పూర్తిగా వంచుతూ బుడగలు చూడాలి. వంచకుండా చూస్తే సగం చిల్లులు కనిపించవు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. స్కోపుతోపాటు సాధారణంగా రెండు మూతలు వస్తాయి. ఒకటి కనెక్టరులోకి నీరు పోకుండా కాపాడేది. రెండోది గ్యాస్ స్టెరిలైజేషన్‌కూ, విమాన ప్రయాణానికీ గాలి ఆడేందుకు పెట్టేది. రెండోది ఉంచి నీటిలో ముంచితే స్కోపు నిండా నీళ్లే. నాకు రిపేరుకు వచ్చే స్కోపుల్లో ఈ ఒక్క పొరపాటుతో వచ్చేవే బోలెడు.

రెండోది ఆరబెట్టడం. మీ సూట్‌కేసు పెట్టెను చూసి నాకు నిజంగా భయమేసింది. ఆ పెట్టె లోపల నురుగు మెత్త ఉంటుంది, చీకటి ఉంటుంది, గాలి ఉండదు. లోపల తడి ఉన్న గొట్టాన్ని చుట్ట చుట్టి అందులో పెడితే, మిగిలిన పది బాక్టీరియాలు తెల్లవారేసరికి లక్షలవుతాయి. మీరు కుళాయి నీటితో జాడిస్తున్నారు కనుక బాక్టీరియా మిగలనక్కరలేదు, మీరే ఎక్కిస్తున్నారు. సూడోమోనాస్, నీటిలో బతికే మైకోబాక్టీరియా వంటివి కుళాయి నీటిలోనే వస్తాయి. మందు కడిగేయడానికి వాడే చివరి నీరు స్టెరైల్ నీరుగాని, 0.2 మైక్రాన్ ఫిల్టరు గుండా వచ్చిన నీరుగాని కావాలి. ఆ తరువాత దారులన్నింటిలోకి 70 శాతం ఆల్కహాలు తోసి, ఫిల్టరు చేసిన గాలిని కనీసం పది నిమిషాలు ఊదాలి. అమెరికా ప్రమాణాల్లో 2021 నుంచి ఈ పది నిమిషాలు ఉంది. వాల్వులు పెట్టకుండా, కొన నేలకు తగలకుండా, గాలి ఆడే అలమారలో నిలువుగా వేలాడదీయాలి. ఆ సూట్‌కేసు కంపెనీ నుంచి మీ దాకా రావడానికీ, మీ నుంచి నా దాకా రావడానికీ మాత్రమే. దాన్ని శుభ్రం చేయడం ఎవరి వల్లా కాదు.

కడుపులో నురుగు తగ్గడానికి నీటి సీసాలో సిమెథికోన్ చుక్కలు కలిపే అలవాటు మీ దగ్గర ఉంటే మానిపించండి. అది జిడ్డులాగా గాలి-నీటి దారిలో పేరుకుంటుంది. కడిగి డిస్ఇన్ఫెక్ట్ చేసిన స్కోపుల్లోపల సన్నని కెమెరా పెట్టి చూసినప్పుడు ఆ ద్రవం ఇంకా మిగిలి కనిపించిన సందర్భాలు ఉన్నాయి. వైద్యుడికి తప్పనిసరి అయితే తక్కువ మోతాదులో, ఫోర్సెప్స్ దారి నుంచి సిరంజితో ఇవ్వమనండి.

నాన్నకోసం

వైద్యరంగానికి చెందినవాణ్ని కాను, అయినా చదువుతూ ఆగలేకపోయాను. మా నాన్నగారికి పిత్తనాళంలో రాయి ఉందని, వచ్చే వారం ఈఆర్‌సీపీ (నోటి గుండా స్కోపు పంపి పిత్తనాళానికి చేసే చికిత్స) చేయాలని చెప్పారు. అప్పుడప్పుడూ జ్వరం, చలి వస్తున్నాయి. ఈఆర్‌సీపీ స్కోపులతోనే ఎక్కువ ఇన్ఫెక్షన్లు వచ్చాయని ఎక్కడో చదివాను. వాయిదా వేయమంటారా? హెపటైటిస్, హెచ్ఐవీ ఉన్నవారికి చివర్లో చేస్తాం, భయం లేదని ఆసుపత్రివారు చెప్పారు. అది చాలుతుందా?

అగార్‌పళ్లెం

వాయిదా వేయకండి. పిత్తనాళంలో రాయితోపాటు చలిజ్వరం ఉన్నదంటే, స్కోపు వల్ల రావచ్చునన్న ఇన్ఫెక్షన్ కన్నా ఇప్పటికే నాళంలో ఉన్న ఇన్ఫెక్షన్ చాలా పెద్ద ప్రమాదం. ఈ సంగతి మీ వైద్యుడితో ఈ రోజే మాట్లాడండి.

మీరు చదివినది మాత్రం నిజం. ఈఆర్‌సీపీకి వాడే డుయోడెనోస్కోపు కొన దగ్గర, తీగలను పిత్తనాళంలోకి తిప్పడానికి చిన్న లేచే మీట ఉంటుంది. ఆ మీట వెనక, దాని కీలు దగ్గర ఉండే సందుల్లోకి కుంచె సరిగా చేరదు. షికాగో ప్రాంతంలో 2013లో 39 మందిలో ఎన్‌డీఎం రకం మొండి బాక్టీరియా (చాలా యాంటీబయాటిక్‌లకు లొంగనిది) కనబడింది. వారిలో అత్యధికులు ఒకే ఆసుపత్రిలో ఈఆర్‌సీపీ చేయించుకున్నవారే. ఆ పేరులోని ఎన్‌డీ అంటే న్యూఢిల్లీ అని మన పాఠకులకు గుర్తుచేయనక్కరలేదు. అక్కడ శుభ్రపరచడంలో తప్పేమీ దొరకలేదు. గ్యాస్ స్టెరిలైజేషన్‌కు మారాక కొత్త కేసులు ఆగాయి. లాస్ ఏంజెలిస్‌లోని యూసీఎల్‌ఏ ఆసుపత్రిలో 2014 అక్టోబరు నుంచి 2015 జనవరి వరకు ఏడుగురికి సోకింది, రెండు మరణాలకు దానితో సంబంధం ఉందన్నారు, 179 మందిని పరీక్షలకు పిలిచారు. ఆపైన అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ తయారీదారులచేత నమూనాలు తీయించగా, శుభ్రపరిచిన డుయోడెనోస్కోపుల్లో కూడా 5.4 శాతం దాకా ప్రమాదకర బాక్టీరియా దొరికింది. 2019 ఆగస్టులో, కొన తొడుగును ఊడదీసి పారేయగల నమూనాలకు మారమని ఆ సంస్థ ఆసుపత్రులకు చెప్పింది. పూర్తిగా ఒక్కసారి వాడి పారేసే డుయోడెనోస్కోపుకు అదే ఏడాది డిసెంబరులో అనుమతి ఇచ్చింది.

కాబట్టి ఈ చర్చలో ఇంతదాకా మేము చెప్పినదానికి ఒక హద్దు ఉందని ఒప్పుకోవాలి. మామూలు గ్యాస్ట్రోస్కోపును మనిషి శ్రద్ధ కాపాడగలదు. డుయోడెనోస్కోపు విషయంలో పనిముట్టు రూపమే అడ్డు వచ్చింది. మీరు అడగవలసినవి ఇవి. మీ స్కోపు కొన తొడుగు ఊడివచ్చే రకమా? స్కోపుల నుంచి నమూనాలు తీసి ల్యాబులో ఎంత తరచుగా కల్చర్ చేయిస్తారు? ఈ రెండు ప్రశ్నలకు తడుముకోకుండా సమాధానం వస్తే మంచి గుర్తు. చికిత్స తరువాతి రోజుల్లో చలితో జ్వరం వస్తే మాత్ర వేసుకొని ఊరుకోకుండా వెంటనే చెప్పండి.

పాజిటివ్ ఉన్నవారిని చివరికి నెట్టడం మన దగ్గర పాతుకుపోయిన అలవాటు. దాని వల్ల ఆ రోగికి అవమానం తప్ప తరువాతివారికి రక్షణ లేదు. పరీక్షలో ఇంకా బయటపడని దశలో ఉన్నవాళ్లు ఉంటారు, మొండి బాక్టీరియా పేగుల్లో మోస్తూ ఏ పరీక్షా చేయించుకోనివాళ్లు ఉంటారు. ప్రతి స్కోపునూ పాజిటివ్ రోగి నుంచి వచ్చినట్టే కడిగే చోట వరుస ఎలా ఉన్నా ఒకటే. ఈ మాట మీకు చెప్పిన ఆసుపత్రి మంచిదే కావచ్చు. కానీ భయం లేదనడానికి వాళ్లు చూపిన కారణం మాత్రం సరైనది కాదు.

గోదారిగట్టు

నెల తరువాత తిరిగి రాస్తున్నాను. మీ అందరికీ కృతజ్ఞతలు. చెప్పినవాటిలో కొన్ని జరిగాయి, కొన్ని జరగలేదు.

మొదట అన్నతో వాదనకు దిగలేదు. సాయంత్రం కడిగేటప్పుడు, పిన్నిగారు చెప్పిన రెండో దారిలోకి, అంటే సక్షన్ గుంట నుంచి కనెక్టరు వైపు, బ్రష్ పంపమని అడిగాను. ఆయన ఆ వైపు ఎప్పుడూ పంపలేదట. అవతలి నుంచి వచ్చిన కుంచె ముదురు గోధుమరంగులో, ముద్దగా, వాసనతో వచ్చింది. ఆయన దాన్ని తెల్లగుడ్డ మీద పెట్టి చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. మర్నాడు ఆయనే వైద్యులకు ఆ గుడ్డ చూపించాడు. నేను మాట్లాడవలసిన అవసరం రాలేదు.

ఇప్పుడు ప్రతి కేసు తరువాతా పూర్తిగా బ్రష్ చేస్తున్నాము. మంచం పక్క నుంచి గాలి ఊదడం దాకా మాకు ఒక స్కోపుకు ముప్పై అయిదు నుంచి నలభై అయిదు నిమిషాలు పడుతోంది. కేసు సమయం కలుపుకుంటే రెండు స్కోపులతో ఐదు గంటల్లో పదికి మించి కావడం లేదు. వైద్యులు మిగతావారిని మంగళవారానికి మార్చడానికి ఒప్పుకున్నారు, మూడో గ్యాస్ట్రోస్కోపు సంగతి యాజమాన్యం వచ్చే ఏడాది చూస్తామంది. చివరి నీటికి ఫిల్టరు బిగించారు. ఫోర్సెప్స్ ఒక్కసారి వాడేవి కొనలేమన్నారు, ఉన్నవాటిని ఆటోక్లేవ్ చేస్తున్నాము. గాలి ఆడే అలమార మాత్రం రాలేదు. ప్రస్తుతానికి మామూలు గాజు బీరువాలో కొక్కేలు కొట్టించి నిలువుగా వేలాడదీస్తున్నాము, సూట్‌కేసులు స్టోరులోకి వెళ్లాయి. ఒక సందేహం మిగిలింది. శుక్రవారం సాయంత్రం శుభ్రం చేసిన స్కోపును సోమవారం మొదటి రోగికి నేరుగా వాడవచ్చా, మళ్లీ మందులో పెట్టాలా?

నైటింగేల్‌పిన్ని

అన్ని దారులూ పూర్తిగా ఆరి, సరైన అలమారలో వేలాడుతూ ఉంటే ఏడు రోజుల వరకు చాలామంది అనుమతిస్తారు. ఆ లెక్కన మీ మూడు రోజులు ఫరవాలేదు. కానీ మీది మూసిన గాజు బీరువా. పైగా ఆరిందో లేదో మీరు ఇంకా ఖాయం చేసుకోలేదు. కాబట్టి అలమార వచ్చేదాకా సోమవారం ఉదయం మొదటి కేసుకు ముందు ఒకసారి ఓపీఏలో పెట్టి, ఫిల్టరు నీటితో కడిగి, గాలి ఊది వాడండి. ఆ రోజు స్కోపును బీరువా నుంచి తీయగానే కొనను పొడి టిష్యూ కాగితం మీద ఉంచి, ఫోర్సెప్స్ రంధ్రం నుంచి సిరంజితో గాలి కొట్టి చూడండి. కాగితం మీద ఒక్క తడి చుక్క పడినా శుక్రవారం పది నిమిషాలు గాలి ఊదలేదన్నమాట. ఆ కాగితాన్ని తేదీ వేసి రిజిస్టరులో అంటించండి. అలమార కోసం యాజమాన్యం దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ రిజిస్టరు మీ అన్న చేతికి ఇచ్చి పంపండి.